సాగరగర్భ సంచారి జాక్ కూస్తో

సొరచేప యను పేరు వినినంతనే మనకు జడుపు కలుగును. మన కోస్తా గ్రామములలో చిన్న సొరలు సంతకు వచ్చుటయు, వానితో తల్లులు పుట్టు వండుటయు పిల్లలెల్లరు ఎఱిగినదే. కాని మనిషికంటె మూడు రెట్లు పొడవుగల తెల్ల సొరను ప్రాణముతో చూచినవారు మనలో మిక్కిలి అరుదు. ఆస్ట్రేలియా దేశపు దక్షిణ తీరమునకు ఆవల నెప్ట్యూన్ దీవులని కొన్ని రాతిదీవులు కలవు. అచ్చటి నీరు ఒడలు కొంకర్లు పోవునంత చల్లనిది. అట్టి నీటిలోనికి తల్లిదండ్రులు తమ బిడ్డలను వెంటబెట్టుకొని దిగి, ఇనుప బోనులలో నిలిచి, తెల్ల సొరలు తమ చుట్టును తిరుగుచుండగా చూచి, క్షేమముగా ఇండ్లకు మరలుచున్నారు.

నూఱేండ్ల క్రిందట ఇట్టి విహారమును ఎవరైన తలపెట్టినచో వారికి మతి చలించెనని లోకులు అనుకొనియుందురు. భయపడి పాఱిపోవలసిన జంతువును చూడవలెనని జనులు కోరుట ఎట్లు సంభవించెను? దీనికి పలువురు కారకులు. వారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశస్థుడైన జాక్ ఈవ్ కూస్తో. ఆయన జీవితమును సంగ్రహముగా మా చదువరుల ముందుంచుచున్నాము. ఆయన తప్పులెఱుగని మహాపురుషుడని చెప్పుట మా ఉద్దేశము కాదు. తాను చేసిన తప్పును పదిమంది యెదుట చేసి, అటుపిమ్మట ఆ పదిమంది యెదుటనే దిద్దుకొనిన మనుజుడని చెప్పుటయే మా ఉద్దేశము.

కూస్తో 1910వ సంవత్సరము జూన్ 11వ తేదీన బోర్డో నగరమునకు చేరువనున్న సెంట్ ఆంద్రే ద కుబ్జాక్ అను చిన్న పట్టణమున జన్మించెను. బాల్యమున ఆయన బక్కపలుచని రోగిష్ఠి పిల్లవాడు. తండ్రి ఉద్యోగ నిమిత్తము కుటుంబము కొంతకాలము అమెరికాలోని న్యూయార్కు నగరమున నివసించెను. అచ్చట నుండగా వేసవి శిబిరమునకు పంపబడిన ఈ బాలునికి, చెఱువు అడుగున పడియున్న కొమ్మలను తీసివేయు పని అప్పగింపబడెను. అది శిక్షవంటి పనియే. కాని ఆ పనివలననే అతడు ఊపిరి బిగబట్టి నీట మునుగుట నేర్చెను.

చదువు విషయమున మా విద్యార్థులు ఈయనను ఆదర్శముగా గైకొనరాదు. ఒకసారి పాఠశాల కిటికీల అద్దములను రాళ్లతో పగులగొట్టి బడినుండి వెడలగొట్టబడెను. తండ్రి ఆ పిల్లవానిని క్రమశిక్షణకు పేరొందిన వేఱొక పాఠశాలకు పంపగా, అచ్చట బుద్ధిగా చదివి, 1930లో ఫ్రెంచి నౌకాదళ విద్యాలయమున ప్రవేశించెను. పాఠశాలవారి పట్టుదల ఒక్కొక్కప్పుడు ఆలస్యముగనైనను ఫలించునని ఉపాధ్యాయులమైన మేము ఇందువలన ధైర్యము తెచ్చుకొనుచున్నాము.

కూస్తోకు విమానమును నడుపవలెనని కోరిక యుండెను. నౌకాదళమువారి విమాన శాఖలో శిక్షణ పొందుచుండగా 1936లో రాత్రివేళ కారు నడుపుచు గొప్ప ప్రమాదమునకు లోనయ్యెను. చేతుల యెముకలు విఱిగెను. ఒక చేయి చీము పట్టగా దానిని తీసివేయుట మేలని వైద్యులు తలంచిరి. ఆయన అందుకు అంగీకరింపలేదు. నెలల తరబడి బాధకోర్చి, చేతులకు కదలిక తెచ్చుకొనెను. విమానవిద్య మాత్రము అంతటితో ముగిసెను. తూలోను రేవునకు మార్పబడి, చేతులకు బలము వచ్చుటకై ఆయన దినదినము సముద్రమున ఈదసాగెను.

ఆ కాలమున ఫిలిప్ తాయ్యే అను తోటి అధికారి ఆయనకొక నీటి కండ్లజోడు ఇచ్చెను. అది పెట్టుకొని తల నీటిలో ముంచగనే, అంతవఱకు మసకగా కనబడిన సముద్రగర్భము స్పష్టముగా కండ్లకు కట్టెను. రాళ్లు, నాచు, చేపలు, వెలుగు నీడలు అన్నియు కానవచ్చెను. తల పైకెత్తినచో వీథిలో బండ్లు, మనుష్యులు. తల దించినచో వేఱొక లోకము. ఆ దినమున ఆయన జీవితము మలుపు తిరిగెను. ఈ తాయ్యేయు, ఫ్రెడరిక్ ద్యూమా అను గొప్ప ఈతగాడును ఆయనకు ప్రాణస్నేహితులైరి.

1937లో కూస్తో సిమోన్ మెల్షియోర్ అను కన్యను వివాహమాడెను. ఆమె పుట్టినింటివారు తరతరములుగా నావికులు. వారికి 1938లో జాన్ మిషెల్, 1940లో ఫిలిప్ అను కుమారులు కలిగిరి. ఈ కుటుంబమును విడిచి కూస్తో కథ చెప్పుటకు వీలులేదు. ఏలయన ఆయన సముద్రగర్భమునకు చేసిన యాత్రలలో పెక్కింటికి ఆలుబిడ్డలు తోడుగా నుండిరి.

ఆ దినములలో నీట మునుగువారికి ముఖ్యముగా రెండు మార్గములు. ఒకటి, బరువైన లోహపు టోపీ ధరించి, పైనున్న పడవనుండి గొట్టము ద్వారా గాలి తెప్పించుకొనుట. ఇది గొలుసున కట్టబడిన కుక్క తిరుగుటవంటిది. రెండవది, శుద్ధమైన ప్రాణవాయువును వెంట తీసికొనిపోవుట. కూస్తో దీనిని ప్రయత్నించి, రెండుసార్లు నీటి అడుగున ఒడలు ఈడ్చుకొనిపోయి చావు తప్పించుకొనెను. లోతున నీటి ఒత్తిడి హెచ్చినకొలది శుద్ధ ప్రాణవాయువే విషమగునని అప్పటికి బాగుగ తెలియదు.

సిమోన్ తండ్రి వాయువులను తయారుచేయు పెద్ద కంపెనీలో ఉన్నతోద్యోగి. ఆయన మూలమున కూస్తోకు 1942 చివర పారిసు నగరమున ఎమీల్ గాన్యాన్ అను ఇంజనీరుతో పరిచయమయ్యెను. అది యుద్ధకాలము. పెట్రోలు దొరకక కార్లను వంటగ్యాసు వంటి వాయువుతో నడుపుచుండిరి. ఇంజనుకు కావలసినంత వాయువును మాత్రమే విడుచు చిన్న కవాటమును గాన్యాన్ నిర్మించియుండెను. ఆ కవాటమునే మనిషి ఊపిరికి తగినట్లు మార్చిరి. మొదటి పరీక్ష మార్న్ నదిలో జరిగెను. అడ్డముగా ఈదునప్పుడు గాలి చక్కగా వచ్చెను. నిలువుగా నుండినచో వృథాగా బుసబుస పోయెను. తలక్రిందులైనచో పీల్చుటయే కష్టమాయెను. గాలి లోనికి వచ్చు ద్వారముకంటె బయటికి పోవు ద్వారము కొన్ని అంగుళముల యెత్తున నుండుటచేత రెండుచోట్ల నీటి ఒత్తిడి భేదించుటయే దీనికి కారణమని వారు గ్రహించిరి. రెండు ద్వారములను ప్రక్కప్రక్కన అమర్చగనే దోషము తీఱిపోయెను. మా భౌతికశాస్త్ర విద్యార్థులు ఈ చిన్న సంగతిని జ్ఞప్తియందుంచుకొందురు గాక.

1943 జూన్ మాసమున బాందోల్ అను ఊరి సమీపమున ఆ పరికరమును వీపున కట్టుకొని కూస్తో సముద్రమున దిగెను. సిమోన్ కండ్లజోడు ధరించి, నీటిపైన తేలుచు, క్రిందనున్న భర్తను కనిపెట్టియుండెను. అపాయము తోచినచో దుముకుటకు ద్యూమా ఒడ్డున సిద్ధముగా నుండెను. త్రాడు లేదు, గొట్టము లేదు. కూస్తో ప్రక్కలకు తిరిగెను, మొగ్గలు వేసెను, తలక్రిందులుగా నిలిచెను. ఏ విధముగా తిరిగినను గాలి సమముగా వచ్చెను. ఇదియే లోకమంతట ఆక్వాలంగ్ అని ప్రసిద్ధి చెందినది. యుద్ధము ముగిసిన యేడు, ఏడేండ్లు కూడ దాటని ఇరువురు కుమారులకును చిన్న పరికరములు అమర్చి నీట దింపిరి. చూచిన వింతలను చెప్పక యుండలేక ఆ పిల్లలు నీటిలోనే మాటలాడబోయి నోటి గొట్టములను జాఱవిడిచిరట! తండ్రి వానిని మరల మరల వారి నోట పెట్టవలసి వచ్చెను.

ఇక సొరచేపల సంగతి. 1948లో ఆఫ్రికా పడమటి తీరమునకు ఆవలనున్న కేప్ వెర్డె దీవుల ప్రాంతమున కూస్తోయు, అతని చెలికాండ్రును నీటిలో నుండగా పెద్ద తెల్ల సొర యొకటి వారి కంటబడెను. మనుష్యభక్షకి యని పేరు మోసిన ఆ జంతువును చూచి వారి గుండెలు జల్లుమనెను. కాని జరిగినదేమి? ఆ సొరయే వీరిని చూచి బెదరి, మలము విడిచి, తోక జాడించి పాఱిపోయెను. మనిషిని చూచి సొర భయపడునని వారు కలనైన తలంపలేదు.

అయితే ఆ యాత్రలోనే వేఱొక దినమున కథ మఱొక విధముగ నడిచెను. తిమింగిలములను చిత్రించుటకై దిగిన కూస్తోను, ద్యూమాను ఒక బూడిదవన్నె సొర చుట్టుకొనెను. పిమ్మట మఱి రెండు వచ్చి చేరెను. సొరలను దూరముగ తఱుమునని చెప్పబడిన రాగి లవణపు మందును ద్యూమా కాళ్లకు కట్టుకొనియుండెను. సొర దానిని లక్ష్యపెట్టలేదు. కేకలు వేసిరి, బుడగలు విడిచిరి. ఫలము లేకపోయెను. తుదకు అతి సమీపమునకు వచ్చిన సొర ముక్కుమీద కూస్తో తన కెమెరాతో మొత్తెను. అది కొంచెము తొలగి మరల తిరుగసాగెను. ఒడలు చల్లబడి, గాలి తఱిగిపోవుచున్న తరుణమున పడవవారు వచ్చి వారిని పైకి లాగిరి. ఒక సొర పాఱిపోయినది, మఱొకటి వెంటబడినది. సొరయొక్క తలంపు ముందుగ చెప్పనలవి కాదని కూస్తో ఆనాడు నేర్చుకొనెను. ఆ పిమ్మట ఆయన సహచరులు కొనకు మేకులు గల కఱ్ఱలను చేతబట్టి దిగుట అలవాటు చేసికొనిరి. చంపుటకు కాదు, దూరముగ నెట్టుటకే.

1950లో గిన్నెస్ అను ఆంగ్ల ధనికుడు, యుద్ధకాలమున మైనులను ఏరివేసిన పాత ఓడను కొని, ఏటికి ఒక్క ఫ్రాంకు అద్దెకు కూస్తోకు ఇచ్చెను. దాని పేరు కలిప్సో. దానిని యాత్రకు సిద్ధము చేయుటకు సిమోన్ తన నగలను అమ్మెను. భర్తకంటెను, కుమారులకంటెను ఆమె ఆ ఓడలో గడిపిన దినములే యెక్కువ. నావికులు ఆమెను మందను కాచు కాపరి యని ముద్దుపేరుతో పిలుచుచుండిరి. చిత్రములలో కనబడుటకు మాత్రము ఆమె ఇష్టపడలేదు. కూస్తో పేరు లోకమంతయు ఎఱుగును. ఆమె పేరు ఎఱిగినవారు కొలదిమంది. ఇట్టివారు మన యిండ్లలోను కలరని మా చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

1953లో నిశ్శబ్ద ప్రపంచమను అర్థమిచ్చు పేరుతో కూస్తో గ్రంథమును, 1956లో అదే పేరుతో చలనచిత్రమును వెలువడెను. ఆ చిత్రమునకు కాన్ నగరపు ఉత్సవమున అత్యున్నత బహుమానమును, పిదప అమెరికావారి ఆస్కార్ బహుమానమును లభించెను. జనులు అంతవఱకు చూడని సముద్రగర్భమును రంగులలో చూచి ముగ్ధులైరి.

కాని ఆ చిత్రమందే ఒక ఘోరము కలదు. హిందూ మహాసముద్రమున కలిప్సో ఓడ తిమింగిలముల గుంపు నడుమ పోవుచుండగా, ఒక తిమింగిలపు పిల్ల ఓడ చక్రమునకు తగిలి తీవ్రముగా గాయపడెను. దాని బాధ చూడలేక నావికులే దానిని తుపాకితో కాల్చిరి. నెత్తురు వాసనకు సొరచేపలు గుంపుగా వచ్చి ఆ కళేబరమును తినసాగెను. అది చూచి నావికులకు ఆగ్రహము పొంగెను. సొరలను కొక్కెములతో పైకి లాగి, గొడ్డళ్లతో నఱికి, ఓడ తట్టునిండ నెత్తురు పాఱించిరి. కూస్తో వారిని వారింపలేదు. పైగా దానిని చిత్రించి లోకమునకు చూపెను.

ఇచ్చట మేము కొంచెము ఆగి ఆలోచింపగోరుచున్నాము. తిమింగిలపు పిల్లను గాయపఱచినది ఎవరు? ఓడ. ఆ ఓడ ఎవరిది? మనుష్యులది. చచ్చినదానిని తినుట సొరకు సృష్టిలో నియమింపబడిన పని. సముద్రమును శుభ్రపఱచు పాకీవాడు అది. తమ చేతి దోషమునకు కలిగిన దుఃఖమును ఆ మనుష్యులు మూగజంతువుమీద కోపముగా వెడలగ్రక్కిరి. మనముకూడ ఇంట, బడిలో ఇట్లు చేయుట లేదా? పలక పగులగొట్టుకొనిన పిల్లవాడు ప్రక్కవానిని కొట్టుట మేము ప్రతిదినము చూచుచునే యున్నాము.

ఏండ్లు గడచినకొలది కూస్తో మార్పు చెందెను. 1960లో అణుశక్తి శాఖవారు విషపదార్థములను మధ్యధరా సముద్రమున పాఱవేయనెంచగా, ఆయన జనులను కూడగట్టి ఎదిరించెను. 1963లో ఎఱ్ఱసముద్రమున సూడాన్ తీరమునకు చేరువ, పది మీటర్ల లోతున ఇండ్లు కట్టి తన మనుష్యులను నెల దినములు కాపురముంచెను. అచ్చట సొరలనుండి కాపాడుకొనుటకు దింపిన బోనులు ఆ నీటి అడుగుననే మిగిలిపోయెను. మొదట మనిషిని కాపాడుటకు ఏర్పడిన బోను, క్రమక్రమముగా సొరను నెమ్మదిగా నిలిచి చూచుటకు సాధనమయ్యెను. కూస్తో కుమారుడు ఫిలిప్ యౌవనవంతుడై, కెమెరా చేతబట్టి సొరల నడుమ దిగి, వాని నడకను, ఆకలిని, జంకును కనిపెట్టసాగెను. 1968లో ప్రారంభమైన కూస్తో టెలివిజన్ చిత్రమాలలో మొదటిది సొరలనుగూర్చినదే. 1970లో తండ్రియు, కుమారుడును కలిసి సొరలపై ఒక గ్రంథము వ్రాసిరి. సొర సాధుజంతువని వారు బొంకలేదు. అది భయంకరమైనదే యనియు, అయినను సుందరమైనదనియు, తెలిసికొనదగినదనియు చూపిరి. పదునాలుగు పదునైదేండ్ల క్రిందట గొడ్డలి ఆడిన ఓడనుండియే ఈ గ్రంథము పుట్టెనని మఱువరాదు.

1979 జూన్ 28వ తేదీన కూస్తోకు తీరని శోకము సంభవించెను. పోర్చుగల్ దేశమున లిస్బను నగరమునకు చేరువ, తేగస్ నదిలో నీటివిమానము కూలి ఫిలిప్ మరణించెను. అతని ప్రాయము ముప్పది యెనిమిదేండ్లే. గృహనిర్మాణ శిల్పమును అభ్యసించిన పెద్ద కుమారుడు జాన్ మిషెల్ అంతట తండ్రికి తోడై నిలిచెను.

ఈ జాన్ మిషెల్ నాయకత్వముననే కూస్తో బృందము దక్షిణ ఆస్ట్రేలియా తీరమునకు పోయి తెల్ల సొరలను పరిశోధించెను. అచ్చట వారికి తోడ్పడినవాడు రాడ్నీ ఫాక్స్. ఈయనను 1963లో ఈటెతో చేపలు పట్టు పందెమున నుండగా తెల్ల సొర పట్టి, ఛాతిని చీల్చెను. వందలాది కుట్లతో బ్రతికి బయటపడెను. అట్టివాడు సొరలమీద పగబూనక, వానిని చూచుటకు బోను కల్పించి జనులను వెంటబెట్టుకొనిపోవుట మొదలిడెను! నేటి కుటుంబములు ఆ చల్లని నీట చేయు విహారమునకు మొదలు ఇదియే.

తెల్ల సొర అట్టి చలినీటిలో ఎట్లు చుఱుకుగ తిరుగగలదు? చేపలలో పెక్కింటి ఒడలు నీటివలెనే చల్లగా నుండును. తెల్ల సొర శరీరములో మాత్రము వెచ్చని నెత్తురు నాళములును చల్లని నెత్తురు నాళములును జల్లెడవలె అల్లుకొని యుండును. కండరములలో పుట్టిన వేడిమి మొప్పల ద్వారా నీటిపాలు కాక, ఒక నాళమునుండి మఱొక దానికి ప్రాకి ఒడలిలోనే నిలుచును. కావుననే అది చల్లని నీటిలో సీలులను, సముద్రసింహములను వేటాడగలదు. అయితే అది మెల్లగా పెరిగి, ఆలస్యముగ ఈడేరి, కొలది పిల్లలనే కనును. చంపుట సులభము, మరల నిండుట కష్టము. దక్షిణాఫ్రికా ప్రభుత్వము 1991లో తెల్ల సొరలను చంపరాదని శాసించెను. 2004లో దాని వ్యాపారమునకు దేశదేశములవారు కూడి కట్టుబాటు చేసిరి. మన భారతదేశమున 2001లో తిమింగిలపు సొరకు చట్టము రక్షణ నిచ్చెను. మన బంగాళాఖాతమునకును వచ్చు ఆ చేప, చేపలన్నిటిలో పెద్దదియయ్యు, నీట తేలు సూక్ష్మజీవులను వడకట్టి తిని బ్రతుకును.

కూస్తో కడపటి దినములు కలతతో నిండినవి. 1990లో సిమోన్ కాలధర్మము నొందెను. ఆ మరుసటి యేట ఆయన మరల వివాహమాడెను. ఆ రెండవ భార్యవలన ఆయనకు అదివఱకే సంతానము కలదని తెలిసి పలువురు ఆశ్చర్యపడిరి. కూస్తో పేరును వాడుకొను విషయమై తండ్రికిని, జాన్ మిషెల్‌కును న్యాయస్థానమున వివాదము కూడ నడిచెను. సముద్రమున కలిసి మునిగినవారు ఒడ్డున విడిపోవుట విచారకరము. దీనిని దాచుట సత్యమునకు తగదు కాన చెప్పితిమి. 1996 జనవరిలో సింగపూరు రేవున ఒక బల్లకట్టు తగిలి కలిప్సో ఓడ మునిగెను. 1997 జూన్ 25వ తేదీన కూస్తో ఎనుబది యేడేండ్ల ప్రాయమున పారిసు నగరమున మరణించెను. ఆయన దేహము పుట్టిన ఊరిలోనే ఖననము చేయబడెను.

విద్యార్థులారా! కూస్తోవలె సముద్రమున దిగుట మనలో పెక్కురకు సాధ్యము కాదు. కాని ఆయన మొదట చేసిన పని ఏమి? ఒక కండ్లజోడు పెట్టుకొని తల నీటిలో ముంచుట. ఎఱుగనిదానిని చూచి భయపడుట తప్పు కాదు. చూడకయే ద్వేషించుట తప్పు. తన తప్పునకు మూగదానిని దండించుట అంతకంటె పెద్ద తప్పు. ఇట్టి గొడ్డలి మనలో ప్రతివాని చేతిలోను ఒక్కొక్కప్పుడుండును. దానిని క్రిందపెట్టి, భయపెట్టినదానిని మఱియొకసారి తేరిపాఱ చూచుటకు కావలసిన ధైర్యము, సొరచేపల నడుమ ఈదుటకు కావలసిన ధైర్యముకంటె తక్కువది కాదని మేము తలంచుచున్నాము.